వీఎల్‌సీ 3.0.. ఉబుంటు 24.04.. ఫైర్‌ఫాక్స్ 100: ఈ వెర్షన్ నంబర్లు ఎవరు పెడతారు? ఆ అంకెల వెనుక అసలు లెక్కేంటి?

ఫోన్‌లో యాప్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ దాని వెర్షన్ నంబర్ మారుతుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు. కానీ ఏదైనా యాప్‌లో లోపం బయటపడిందని వార్త వచ్చిన రోజు మాత్రం ఆ చిన్న నంబరే దిక్కు. మీ ఫోన్ సేఫా, కాదా అన్నది చెప్పేది అదే. వాలంటీర్లు కలిసి తయారుచేసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ఈ నంబర్లు ఎలా నిర్ణయిస్తారు? ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది? పూర్తి వివరాలు ఇవే..

వీఎల్‌సీ డిలీట్ చేయమన్నారు.. తీరా చూస్తే!

2019 జులైలో వీఎల్‌సీ మీడియా ప్లేయర్ యూజర్లను ఓ వార్త కంగారుపెట్టింది. ఆ ప్లేయర్‌లో ప్రమాదకరమైన లోపం ఉందంటూ జర్మనీకి చెందిన ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగం హెచ్చరిక జారీ చేసింది. అమెరికా లోపాల డేటాబేస్‌లో దాని తీవ్రతకు మొదట 10కి 9.8 స్కోరు పడింది. అప్పటికి తాజా వెర్షన్ అయిన 3.0.7.1లోనే లోపం ఉందని ప్రచారం జరిగింది. వెంటనే వీఎల్‌సీ తీసేయండి అంటూ హెడ్‌లైన్లు కూడా వచ్చేశాయి.

వీఎల్‌సీని తయారుచేసే వీడియోలాన్ టీమ్ పరిశీలిస్తే అసలు సంగతి తేలింది. లోపం వీఎల్‌సీ సొంత కోడ్‌లో లేదు. ఎంకేవీ ఫైళ్లను చదవడానికి అది వాడుకునే లిబ్‌ఈబీఎంఎల్ అనే వేరే లైబ్రరీలో ఉంది. దాన్ని కూడా 16 నెలల కిందటే సరిచేశారు. వీఎల్‌సీ 3.0.3 నుంచే సరిచేసిన లైబ్రరీ ప్లేయర్‌తో పాటే వస్తోంది. ఫిర్యాదు చేసిన వ్యక్తి కంప్యూటర్‌లో ఉన్న ఉబుంటు 18.04లో మాత్రం పాత లైబ్రరీ ఉండిపోయింది. చివరికి రికార్డును మార్చారు. లిబ్‌ఈబీఎంఎల్ 1.3.6 కంటే ముందువి, వీఎల్‌సీ 3.0.3 కంటే ముందువి మాత్రమే ప్రభావితం అని రాశారు. స్కోరు కూడా తగ్గించారు.

అంటే ఇక్కడ గొడవంతా ఏ వస్తువు, ఏ నంబర్ అన్న దగ్గరే వచ్చింది. సరైన నంబర్ చెప్పగానే కంగారు సద్దుమణిగింది. వెర్షన్ నంబర్‌ను ఆషామాషీగా పెట్టకూడదని డెవలపర్లు చెప్పేది అందుకే.

వెర్షన్ నంబర్ అంటే ఓ మాట ఇవ్వడమే

పెద్ద కంపెనీల్లో కొత్త వెర్షన్‌కు ఏ నంబర్ పెట్టాలో మార్కెటింగ్ వాళ్లు కూడా చెబుతారు. కమ్యూనిటీ సాఫ్ట్‌వేర్‌లో ఆ విభాగమే ఉండదు. కోడ్ రాసేవాళ్లు వేర్వేరు దేశాల్లో ఉంటారు. దాన్ని ప్యాకేజీగా మార్చి ఉబుంటు, డెబియన్ లాంటి వాటిలో పెట్టేవాళ్లు ఇంకొకరు. దానిమీద సొంత యాప్ కట్టుకునేవాళ్లు మరొకరు. వీళ్లలో చాలామంది ఒకరితో ఒకరు ఎప్పుడూ మాట్లాడుకోరు కూడా. వాళ్లందరికీ చేరే సమాచారం ఒక్కటే.. ఆ నంబర్.

కాబట్టి నంబర్ అంటే యూజర్‌కు ఇచ్చే మాట లాంటిది. ఆ మాట మూడు రకాలుగా ఉండొచ్చు. 'ఇది వేసుకుంటే మీ పాత పనులు ఆగిపోవు' అన్నది ఒకటి. 'ఇది ఫలానా నెలలో వచ్చింది' అన్నది రెండోది. 'ఇది నిన్నటి దానికంటే కొత్తది' అన్నది మూడోది. ప్రపంచంలో వాడుకలో ఉన్న పద్ధతులు చాలావరకు ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి. నిలబెట్టుకోగలిగిన మాటే ఇవ్వాలన్నది ఇందులో అసలు సూత్రం.

పద్ధతి 1: మూడు అంకెల సెమాంటిక్ వెర్షనింగ్

గిట్‌హబ్ సహ వ్యవస్థాపకుల్లో ఒకరైన టామ్ ప్రెస్టన్-వెర్నర్ ఈ పద్ధతిని నిబంధనల రూపంలో రాశారు. దీన్ని ముద్దుగా 'సెమ్‌వెర్' అంటారు. నంబర్‌లో మూడు భాగాలుంటాయి. ఉదాహరణకు 2.4.1 తీసుకుంటే..

- మొదటి అంకె 2: పాత వాడకం చెడిపోయేంత మార్పు జరిగితేనే ఇది పెరుగుతుంది.
- మధ్య అంకె 4: పాతవి చెడకుండా కొత్త ఫీచర్ చేరితే ఇది పెరుగుతుంది.
- చివరి అంకె 1: బగ్ సరిచేస్తే చాలు, ఇది పెరుగుతుంది.

మొదటి అంకె సున్నా అయితే 'ఇంకా తయారవుతోంది, ఏదైనా మారొచ్చు' అని అర్థం. ఇంకో గట్టి నిబంధన కూడా ఉంది. ఒకసారి రిలీజ్ చేసిన నంబర్ లోపలి సరుకు ఆ తర్వాత మార్చకూడదు. చిన్న తప్పు దొరికినా సరే, కొత్త నంబర్‌తోనే రిలీజ్ చేయాలి.

ఇతరులు తమ ప్రోగ్రామ్‌లలో వాడుకునే లైబ్రరీలకు ఇది బాగా పనికొస్తుంది. ఎందుకంటే ఈ నంబర్ చూసి కంప్యూటర్లే నిర్ణయం తీసుకుంటాయి. మొదటి అంకె మారనంత వరకు కొత్త వెర్షన్ ఆటోమేటిక్‌గా వేసుకో అని డెవలపర్లు ముందే రాసి పెట్టుకుంటారు. చిక్కల్లా ఇక్కడే. పాతది చెడగొట్టే మార్పు చేసి, చివరి అంకె మాత్రమే పెంచి వదిలితే ఆ మాట నమ్ముకున్నవాళ్ల ప్రోగ్రామ్‌లన్నీ ఒకేసారి మొరాయిస్తాయి.

పెద్ద అంకె మారడం ఎంత పెద్ద విషయమో పైథాన్ భాష చూపించింది. 2008 డిసెంబర్‌లో పైథాన్ 3.0 వచ్చింది. పాత 2 కోసం రాసిన ప్రోగ్రామ్‌లు చాలావరకు ఇందులో నేరుగా నడవలేదు. పైథాన్ 2కు సపోర్ట్ 2015లోనే ఆపేయాలనుకున్నారు. జనం మారలేకపోవడంతో 2020 వరకు పొడిగించారు. అంటే 2 నుంచి 3కి రావడానికి పదకొండేళ్లు పైనే పట్టింది.

పద్ధతి 2: క్యాలెండర్ చూసి నంబర్

ఉబుంటు పద్ధతి ఇదే. తొలి వెర్షన్ 4.10. అంటే 2004లో పదో నెల. 24.04 అంటే 2024 ఏప్రిల్. ఇక్కడ చుక్కకు అవతల ఉన్నది దశాంశం కాదు, నెల. దీన్ని 'క్యాల్‌వెర్' అంటారు.

దీనివల్ల సామాన్య యూజర్‌కు పెద్ద లాభం ఉంది. తన దగ్గరున్నది ఎంత పాతదో ఎవర్నీ అడగక్కర్లేదు. ఉబుంటులో రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వచ్చే ఎల్‌టీఎస్ వెర్షన్లకు అయిదేళ్ల సాధారణ సపోర్ట్ ఉంటుంది. మధ్యలో వచ్చే వాటికి తొమ్మిది నెలలే. నంబర్ చూసి వేళ్ల మీద లెక్కేసుకోవచ్చు.

మరి రిలీజ్ ఆలస్యమైతే? 2006లో అదే జరిగింది. ఏప్రిల్‌లో రావాల్సిన 6.04 ఇంకా మెరుగుపరచాలని ఆరు వారాలు వాయిదా వేశారు. జూన్‌లో వచ్చింది కాబట్టి 6.06 అయింది. నంబర్ అబద్ధం చెప్పకుండా చూసుకున్నారు.

లిబ్రేఆఫీస్ కూడా ఈ దారిలోకే వచ్చింది. 7.6 తర్వాత 7.7 రాలేదు. 2024 జనవరి ఆఖర్లో ఏకంగా 24.2 వచ్చింది. ఏళ్లనాటి వెర్షన్ వాడుతున్నవాళ్లకు '7.2' అని కనిపిస్తే అది పాతదని తట్టకపోవచ్చు. '24.2' అని కనిపిస్తే మాత్రం ఏ ఏడాదిదో వెంటనే తెలుస్తుంది.

లోటు ఏంటంటే.. తేదీ చెబుతుంది కానీ లోపల ఎంత మారిందో చెప్పదు. పైగా రిలీజ్‌లు ఆగిపోతే ప్రాజెక్ట్ పడకేసిందని నంబరే చాటింపు వేస్తుంది. టంచనుగా రిలీజ్ చేయగలిగే టీమ్‌కే ఇది నప్పుతుంది.

తెలుగు యూనికోడ్ ఫాంట్లలో పోతన2000, వేమన2000 చాలామందికి తెలిసినవే. వాటి పేర్లలోనే 2000 ఉంది. కానీ అది పేరులో భాగం. ఫాంట్‌లో దిద్దుబాట్లు జరిగినా పేరు అదే ఉంటుంది, వెర్షన్ నంబర్ విడిగా మారుతుంది. పేరులో ఏడాది పెట్టడం వేరు, క్యాలెండర్ వెర్షనింగ్ వేరు అన్నది గుర్తుంచుకోవాలి.

పద్ధతి 3: ఒకటి, రెండు, మూడు.. లెక్కపెట్టుకుంటూ పోవడమే

ఫైర్‌ఫాక్స్ 4 వచ్చింది 2011 మార్చిలో. అప్పటివరకు ఒక పెద్ద నంబర్ మారాలంటే నెలలు, ఏళ్లు పట్టేది. ఆ జూన్‌లోనే 5 వచ్చేసింది. ఆరేడు వారాలకోసారి రిలీజ్ చేస్తూ డిసెంబర్ కల్లా 9కి చేరారు. కొత్త ఫీచర్లు యూజర్లకు త్వరగా అందుతాయన్నది వాళ్ల ఆలోచన.

కానీ ఆఫీసులు గగ్గోలు పెట్టాయి. కొత్త నంబర్ వచ్చిన ప్రతిసారీ తమ సిస్టమ్‌లన్నీ మళ్లీ టెస్ట్ చేసుకోవాలా అన్నది వాళ్ల ప్రశ్న. దాంతో 2012లో ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే ఈఎస్‌ఆర్ వెర్షన్‌ను విడిగా తెచ్చారు. 2022 మేలో ఫైర్‌ఫాక్స్ 100 వచ్చింది.

లినక్స్ కెర్నల్‌ది ఇంకో దారి. ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటి లోపలా ఉండేది ఇదే. 2011లో 2.6.39 తర్వాత నేరుగా 3.0 వచ్చింది. కొత్త ఫీచర్ల వల్ల కాదు. నంబర్లు మరీ పెద్దవైపోయాయని, లినక్స్‌కు 20 ఏళ్లు నిండుతున్నాయని లినస్ టోర్వాల్డ్స్ మార్చేశారు. ఆ తర్వాత 3.19 దాటాక 4.0, 4.20 దాటాక 5.0, 5.19 దాటాక 6.0. దాదాపు ఇరవై రాగానే పెద్ద అంకె మారిపోతుంది. అంతే తప్ప ఇంకే అర్థమూ లేదు. కెర్నల్ మారినా యూజర్ల ప్రోగ్రామ్‌లు చెడిపోకూడదన్నది లినక్స్‌లో ఎప్పుడూ పాటించే నియమం. అలాంటప్పుడు అంకె ద్వారా విడిగా హెచ్చరించాల్సిన పని పెద్దగా ఉండదు.

అయినా తలనొప్పి తప్పలేదు. నంబర్ ఎప్పుడూ 2.6తోనే మొదలవుతుందని నమ్మి రాసిన కొన్ని ప్రోగ్రామ్‌లు 3.0 చూసి ఆగిపోయాయి. వాటికోసం 3.0ను 2.6.40గా చూపించే ఏర్పాటు కెర్నల్‌లోనే పెట్టాల్సి వచ్చింది.

వీటన్నిటికీ భిన్నమైనది డొనాల్డ్ నూత్ తయారుచేసిన టెక్. శాస్త్ర గ్రంథాలు, గణిత వ్యాసాలు అచ్చు వేయడానికి వాడే ఈ సాఫ్ట్‌వేర్ వెర్షన్ 3 తర్వాత 3.1, 3.14, 3.141.. ఇలా 'పై' విలువకు దగ్గరవుతూ పోతుంది. దిద్దుబాటు జరిగిన ప్రతిసారీ ఒక అంకె చేరుతుంది. తన మరణం తర్వాత నంబర్‌ను సరిగ్గా 'పై' చేసి ఇక ముట్టుకోవద్దని నూత్ చెప్పారు. దాదాపు పూర్తయిన సాఫ్ట్‌వేర్‌కు తప్ప ఇది ఇంకెవరికీ కుదరదు.

1.0 ఎప్పుడు పెట్టాలి?

కమ్యూనిటీలు ఎక్కువగా తర్జనభర్జన పడేది ఇక్కడే. ఇంకా ఏదో మిగిలి ఉందని 1.0 పెట్టకుండా ఏళ్లు గడిపేస్తారు. విండోస్ ప్రోగ్రామ్‌లను లినక్స్‌లో నడిపే వైన్ 1993లో మొదలైతే, 1.0 వచ్చింది 2008లో. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ 2003లో మొదలై 2020లో 1.0కి చేరింది. ఎన్నో వీడియో యాప్‌లు లోపల వాడుకునే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ 2000లో మొదలైంది. 1.0 మాత్రం 2012లో వచ్చింది. అప్పటికే ప్రపంచంలో లెక్కలేనన్ని వీడియోలు దాని మీద నడుస్తున్నాయి.

'సున్నా' అంటే నమ్మొద్దు అని అర్థమైతే, జనం ఆసరికే నమ్ముకుని వాడుతున్న సాఫ్ట్‌వేర్‌కు సున్నా పెట్టడం సరికాదు. రోజువారీ పనికి ఎవరైనా ఆధారపడుతున్నారంటే 1.0 సమయం వచ్చినట్టే అని సెమ్‌వెర్ నిబంధనలు కూడా సూచిస్తాయి. వైన్ ఇప్పుడు ఈ బాధ లేకుండా చేసుకుంది. ఏటా జనవరిలో ఒక పెద్ద నంబర్ పెంచుతోంది. 2024లో 9.0, 2025లో 10.0.

అంకెలు తెచ్చిపెట్టిన తంటాలు

*3.10 పెద్దదా, 3.9 పెద్దదా?* బడి లెక్కల్లో అయితే 3.9 పెద్దది. వెర్షన్లలో 3.10 పెద్దది. 2021లో పైథాన్ 3.10 వచ్చినప్పుడు సెట్టింగ్స్ ఫైళ్లలో కొటేషన్ గుర్తులు లేకుండా 3.10 అని రాసినవాళ్లకు అది 3.1 అయిపోయింది. చివరి సున్నాకు విలువ లేదని కంప్యూటర్ తీసేసింది.

*రెండంకెల దెబ్బ:* ఒపెరా బ్రౌజర్ కమ్యూనిటీ సాఫ్ట్‌వేర్ కాదు కానీ దాని అనుభవం అందరికీ పాఠమే. 10వ వెర్షన్ వచ్చినప్పుడు కొన్ని సైట్లు మొదటి అంకె మాత్రమే చదివి అది ఒపెరా 1 అనుకున్నాయి. దాంతో ఒపెరా సైట్లకు తన నంబర్‌ను 9.80 అని చెప్పుకోవాల్సి వచ్చింది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ 100కు చేరేముందు మూడంకెలతో సైట్లు ఎక్కడ తడబడతాయో ముందే పరీక్షించింది అందుకే.

*255 గోడ:* లినక్స్ 4.4, 4.9 కెర్నళ్లకు దిద్దుబాట్లు వస్తూ వస్తూ 2021 ఫిబ్రవరిలో చివరి నంబర్ 255 దాటింది. ఆ నంబర్ కోసం లోపల కేటాయించిన చోటులో 255 వరకే పడుతుంది. అంతకంటే పెరిగితే లెక్క పక్క అంకెలోకి పొర్లిపోతుంది. అందుకే లోపలి లెక్కను 255 దగ్గరే ఆపేసే ఏర్పాటు చేశారు.

*వెనక్కి వెళ్లడం కుదరదు:* 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే ఫైల్ కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టినట్టు బయటపడింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ దాన్ని పట్టుకున్నారు. వెంటనే పాత మంచి వెర్షన్‌కు వెళ్లాలి. కానీ అప్‌డేట్ సిస్టమ్ పెద్ద నంబర్‌నే కొత్తదిగా చూస్తుంది. పాత నంబర్ ఇస్తే తీసుకోదు. అప్పుడు డెబియన్ వాళ్లు '5.6.1+రియల్లీ5.4.5' అని పేరు పెట్టి పంపారు. పైకి 5.6.1 కంటే పెద్దది, లోపల ఉన్నది మాత్రం 5.4.5. ఏ నంబర్లు ప్రమాదమో స్పష్టంగా తెలియడం వల్లే ప్రపంచమంతా గంటల్లో తమ సిస్టమ్‌లు చూసుకోగలిగింది.

మరి కొత్త కమ్యూనిటీ ప్రాజెక్ట్ ఏది ఎంచుకోవాలి?

డెవలపర్లు ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్నలు ఇవే..

- దీన్ని వాడేది మనుషులా, వేరే ప్రోగ్రామ్‌లా? వేరే ప్రోగ్రామ్‌లు ఆధారపడే లైబ్రరీ అయితే సెమ్‌వెర్ మేలు. మనుషులు నేరుగా వాడే యాప్ అయితే తేదీ లేదా సాదా లెక్క సులువు.
- రిలీజ్ తేదీలు టంచనుగా పాటించగలరా? పాటించగలిగితే క్యాలెండర్ పద్ధతి. తీరిక దొరికినప్పుడు పనిచేసే ఇద్దరు ముగ్గురు వాలంటీర్లే ఉంటే దాని జోలికి పోకపోవడమే మంచిది.
- పాత వెర్షన్లకు కూడా దిద్దుబాట్లు ఇస్తారా? ఇస్తే చివరన ఇంకో అంకెకు చోటు ఉండాలి. 24.04.1, 24.04.2 అన్నట్టుగా.
- రెండు అవసరాలూ ఉంటే? ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అదే చేస్తోంది. మొత్తం ప్యాకేజీకి ఒక నంబర్, లోపలి లైబ్రరీలకు వేరే నంబర్లు. యూజర్ 7.0 చూస్తాడు. ప్రోగ్రామర్ లోపలి లైబ్రరీ నంబర్ చూసుకుంటాడు.

పద్ధతి ఏదైనా అందరూ పాటించాల్సినవి కొన్ని ఉన్నాయి. వాడిన నంబర్‌ను మళ్లీ వాడకూడదు. నంబర్ తగ్గకూడదు. అక్షరాలతో గందరగోళం చేయకూడదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఒకప్పుడు 1.0.1ఎఫ్, 1.0.1జీ అంటూ అక్షరాలు వాడేది. 2014లో హార్ట్‌బ్లీడ్ లోపం వచ్చినప్పుడు ఎఫ్ ప్రమాదం, జీ సురక్షితం. ఆ ఒక్క అక్షరమే తేడా. 2021లో వచ్చిన 3.0 నుంచి వాళ్లు కూడా మూడంకెల పద్ధతికి మారిపోయారు.

అన్నిటికంటే ముఖ్యం.. 'మా దగ్గర ఈ అంకెకు ఈ అర్థం' అని నాలుగు వాక్యాలు రాసి ప్రాజెక్ట్ పేజీలో పెట్టాలి. కొత్తగా చేరే వాలంటీర్‌కు, ప్యాకేజీ చేసేవాళ్లకు అది చదివితే సరిపోతుంది.

మధ్యలో పద్ధతి మార్చుకోవచ్చా? మార్చుకోవచ్చు. కానీ కొత్త నంబర్ పాతదానికంటే పెద్దదై ఉండాలి. 7.6 నుంచి 24.2కి వెళ్లడం తేలిక. 24.2 నుంచి 8.0కి రావాలంటే చుక్కలు కనిపిస్తాయి.

మీ ఫోన్‌లో ఏం చూసుకోవాలి?

ఆండ్రాయిడ్ యాప్‌లకు నిజానికి రెండు నంబర్లుంటాయి. మీకు కనిపించేది ఒకటి. ఫోన్ చూసుకునేది మరొకటి. రెండోది సాదా పూర్ణ సంఖ్య. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ అది పెరగాలి. పెరగకపోతే ప్లే స్టోర్ కొత్త అప్‌డేట్‌గా తీసుకోదు. కొత్తది ఉన్న ఫోన్‌లో పాత ఏపీకే ఫైల్ మామూలుగా ఇన్‌స్టాల్ కాకపోవడానికి కూడా కారణం ఇదే.

- యాప్ వెర్షన్ కోసం: సెట్టింగ్స్‌లో యాప్స్‌కు వెళ్లి, కావాల్సిన యాప్ మీద నొక్కి, పేజీ కింది వరకు చూడండి.
- ఫోన్ వెర్షన్ కోసం: సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్' తెరవండి. ఆండ్రాయిడ్ వెర్షన్, కెర్నల్ వెర్షన్ కనిపిస్తాయి. సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ కొన్ని ఫోన్లలో అక్కడే, కొన్నిటిలో సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో ఉంటుంది.
- ఆండ్రాయిడ్ వెర్షన్ పెద్దదైనా సెక్యూరిటీ తేదీ ఏడాది కిందటిదైతే ఫోన్‌కు దిద్దుబాట్లు అందట్లేదని అర్థం.
- ఏదైనా యాప్‌లో లోపం అని వార్త వస్తే డిలీట్ చేసేముందు రెండు విషయాలు చూడండి. ఏ వెర్షన్ వరకు లోపం ఉంది? ఏ వెర్షన్‌లో సరిచేశారు? మీ నంబర్ రెండోదానికి సమానంగానో, ఎక్కువగానో ఉంటే కంగారు అక్కర్లేదు. తక్కువైతే ఆలస్యం చేయకుండా ప్లే స్టోర్ నుంచో, ఆ యాప్ అధికారిక సైట్ నుంచో అప్‌డేట్ చేసుకోండి.
- పోల్చేటప్పుడు చుక్క చుక్కకూ విడిగా చూడాలి. 3.0.9 కంటే 3.0.18 కొత్తది.